ప్రసూతి సెలవు జీతం ఎవరి ఖాతాలోంచి?



ప్రసూతి ప్రయోజన చట్టం 1961లో వచ్చింది. 2017 సవరణతో జీతంతో కూడిన సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. అప్పటికే ఇద్దరు పిల్లలున్న తల్లికి మాత్రం 12 వారాలే. కాన్పుకు ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. సెలవులో ఉండగా ఉద్యోగం నుంచి తీసేయడం చెల్లదు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కులు ఉన్నాయి.

సెలవు ఎంత అన్నదానికంటే, ఆ జీతం ఎవరు ఇస్తారన్నదే ఆడవారి ఉద్యోగావకాశాలను ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) వర్తించే సంస్థలో నెలకు 20,000 రూపాయల జీతం ఉంటే, పే స్లిప్‌లో 150 రూపాయలు కోతపడతాయి. యజమాని మరో 650 కలుపుతాడు. కాన్పు వస్తే డబ్బు ఈఎస్ఐ నిధి నుంచి వస్తుంది. మగ ఉద్యోగికైనా యజమాని కట్టేది ఆ 650యే కనుక ఆడమనిషిని తీసుకుంటే సెలవు జీతం తన నెత్తిన పడుతుందన్న బెంగ ఉండదు. జీతం 21,000 దాటిన చోట చేరేవారికి ఈఎస్ఐ లేదు. అక్కడ ఆరు నెలల జీతం యజమానే భరించాలి. పెళ్లయిందా, పిల్లలెప్పుడు అన్న ప్రశ్నలు ఇంటర్వ్యూలో వినపడడానికి ఇదొక కారణం. ఇక తండ్రుల విషయానికొస్తే, కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 రోజుల సెలవు ఉంది. ప్రైవేటు రంగంలో తండ్రులకు అలాంటి చట్టమే లేదు. అందుకే యజమానులు బిడ్డ ఖర్చు తల్లి పేరనే రాసుకుంటారు.

సెలవు ముగిశాక ఉద్యోగం నిలబడేది బిడ్డను చూసే మనిషి, చోటు దొరికితేనే. 50 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థ క్రెష్ (పిల్లల సంరక్షణ కేంద్రం) సదుపాయం కల్పించాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు.

ప్రసూతి హక్కులను నియామక సమయంలోనే రాతపూర్వకంగా తెలపాలని 2017 సవరణ చెప్పింది. ఉద్యోగంలో చేరేవారు ఆ కాగితం అడిగి తీసుకోవాలి. పే స్లిప్‌లో ఈఎస్ఐ కోత, ఆఫీసుకు దగ్గర్లో క్రెష్ ఉన్నాయో లేదో చూసుకోవాలి. పర్మనెంటు కాదన్న సాకు చెల్లదు: ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ (దినకూలీ) కార్మికురాళ్లకూ 1961 చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2000లోనే తీర్పిచ్చింది.