పాడుబడిన జాగా పదిమందిదీ కావాలంటే



మీ వీధి చివర ఉన్న ఖాళీ జాగాను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కాగితం మీద అది పార్కు కావచ్చు, మైదానం కావచ్చు, చెరువు గట్టు కావచ్చు. ఇప్పుడు చూస్తే చెత్తకుప్పలు, పగిలిన సీసాలు, ముళ్లకంప. చీకటి పడితే "అమ్మాయీ, ఆ దారిన రాకు, చుట్టు తిరిగి రా" అని చెబుతాం. అలా చెప్పిన రోజున మనం పోగొట్టుకున్నది ఒక దారి మాత్రమే కాదు. రెండు గదుల ఇంట్లో పెరిగే పిల్లలకు ఆడుకునే చోటు, పరీక్షల ముందు కాసేపు ప్రశాంతంగా చదువుకునే చోటు, పెద్దవారికి నాలుగడుగులు నడిచే చోటు పోయాయి. డబ్బున్నవారు క్లబ్బుకు వెళ్లగలరు. లేనివారికి ఆ జాగాయే దిక్కు. అలాంటి జాగా మళ్లీ ఎలా బాగుపడుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

జాగా ఎందుకు పాడుపడుతుంది?

"ఎవరూ శుభ్రం చేయకపోవడం వల్ల" అని చాలామంది అంటారు. అది సగం నిజం మాత్రమే. మిగతా సగం బెంగళూరు చెరువులను చూస్తే అర్థమవుతుంది.

బెంగళూరు పెద్ద నది ఒడ్డున పుట్టిన ఊరు కాదు. వాననీటిని గొలుసుకట్టు చెరువుల్లో నిలుపుకొని బతికిన ఊరు. పల్లెల్లో చెరువు కింద పొలాలుండేవి. వంతుల ప్రకారం నీరు వదలడానికి నీరుగంటి ఉండేవాడు. రైతు ఒండ్రుమట్టి తోలుకునేవాడు, కుమ్మరి బంకమన్ను తీసుకునేవాడు, పశువులు నీళ్లు తాగేవి, చేపలు పట్టేవారు. అందరికీ చెరువుతో పని ఉండేది కాబట్టి అందరి కన్నూ చెరువు మీద ఉండేది. తర్వాత కుళాయి నీరు వచ్చింది, బోర్లు వచ్చాయి, పొలాలు లేఅవుట్లయ్యాయి. చెరువుతో పని తీరిపోయింది. పని తీరిన చోట కాపలా కూడా పోయింది. ఆ తర్వాతే మురుగు, చెత్త, ఆక్రమణలు వచ్చాయి.

అంటే చెత్త రోగం కాదు, రోగ లక్షణం. ఆ జాగాతో ఎవరికీ పని లేకపోవడమే అసలు రోగం. చెత్త ఎత్తివేసి ఊరుకుంటే ఆరు నెలల్లో మళ్లీ చేరుతుంది. పదిమందికి అక్కడ పని కల్పిస్తేనే జాగా నిలుస్తుంది.

కైకొండ్రహళ్లి చెప్పే పాఠం

బెంగళూరు ఆగ్నేయ దిక్కున సర్జాపుర రోడ్డు పక్కన కైకొండ్రహళ్లి చెరువు ఉంది. విస్తీర్ణం సుమారు 48 ఎకరాలు. 2000 తర్వాతి సంవత్సరాల్లో అది చాలావరకు ఎండిపోయి, మురుగుకూ చెత్తకూ నిలయమైంది. చుట్టుపక్కల నివాసులు, పర్యావరణ శాస్త్రవేత్తలు అప్పటి నగర పాలికె ఇంజనీర్లతో కలిసి కూర్చుని మాట్లాడుకున్నారు. 2009లో పనులు మొదలై 2011 నాటికి చెరువు మళ్లీ నిండింది. నిర్వహణలో పాలుపంచుకోవడానికి స్థానికులే ఒక సమితిగా ఏర్పడ్డారు.

ఇక్కడ గమనించవలసినది వారు ఎవరెవరిని లెక్కలోకి తీసుకున్నారన్నది. కొత్త అపార్ట్‌మెంట్లవారికి నడక దారి కావాలి. పాత ఊరివారికి పశువుల మేత, చేపలు కావాలి. వినాయక నిమజ్జనానికి చోటు కావాలి. అందుకే నడక దారి వేసినా గడ్డి కోసుకునేవారిని వెళ్లగొట్టలేదు. నిమజ్జనానికి వేరుగా కళ్యాణి కట్టారు. పిల్లలు కూర్చోవడానికి మెట్ల వేదిక ఏర్పాటు చేశారు. 'కెరె హబ్బ', అంటే చెరువు పండుగ, జరిపి అందరినీ గట్టు మీదికి రప్పించారు.

కష్టాలు తీరిపోయాయని కాదు. ఇది గొలుసుకట్టులో ఒక చెరువు. పైనుంచి మురుగు వస్తే ఇక్కడి నీరూ చెడుతుంది. బాగుచేయడం ఒకనాటి పని, కాపాడుకోవడం ఏనాటికీ తీరని పని.

మన పంతులుగారి పేరున్న పార్కు

ఆ కాపాడుకోవడం ఎలాగో తెలుసుకోవడానికి చెన్నై మైలాపూరుకు వెళదాం. అక్కడి లజ్ ప్రాంతంలో నాగేశ్వరరావు పార్కు ఉంది. 1893లో అమృతాంజనం స్థాపించి, 1908లో ఆంధ్రపత్రిక ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు అది. పార్కు కార్పొరేషన్ ఆస్తి అయినా, నిర్వహణ బాధ్యతను సుందరం ఫైనాన్స్ సంస్థ స్వీకరించింది. 2006లో అక్కడ నెలకొక ఆదివారం ఉదయం చిన్నపిల్లల కచేరీలు మొదలయ్యాయి. టికెట్టు లేదు, పెద్ద వేదిక లేదు. పాడే పిల్లలకు అది తొలి సభ, నడకకు వచ్చినవారికి ఆగి వినే అవకాశం. నిర్వహణకు ఒక బాధ్యుడు, రావడానికి ఒక కారణం, గుర్తుండే ఒక తేదీ: ఈ మూడూ ఉన్న పార్కు పాడుపడటం కష్టం.

చట్టం ఏమంటుంది?

"అది ప్రభుత్వ స్థలం, మనకెందుకు?" అనేవారికి ఒక తీర్పు గురించి చెప్పండి. బెంగళూరులో లేఅవుట్ ప్రణాళికలో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రి కట్టుకోవడానికి ఇచ్చారు. అక్కడి నివాసులు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. పార్కు ప్రజలందరి ప్రయోజనం కోసం ఉన్నదనీ, దాన్ని అడిగే హక్కు నివాసులకు ఉందనీ స్పష్టం చేసింది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలకు అప్పగించదగిన పనుల జాబితాలో పార్కులు, తోటలు, ఆటస్థలాలను చేర్చింది. స్థలం ఎవరిదో తెలియకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కరలేదు.

మీరు చేయగల పని

1. ముందు చూడండి. 1970లలో న్యూయార్కు నగరంలో విలియం వైట్ అనే పరిశోధకుడు బహిరంగ స్థలాలలో మనుషులు ఎలా మసలుతారో సినిమా తీసి మరీ పరిశీలించాడు. కూర్చునే వసతి ఉన్నచోటే జనం కూర్చుంటారనీ, జనం ఉన్నచోటికే జనం వస్తారనీ తేల్చాడు. బాగా నడిచే స్థలాల్లో స్త్రీల పాలు ఎక్కువగా ఉండటం కూడా గమనించాడు. మీకు కెమెరా అక్కరలేదు, నోటుపుస్తకం చాలు. ఒక పనిదినం, ఒక ఆదివారం, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం లెక్క రాయండి. స్త్రీలు ఎందరు, పిల్లలు ఎందరు, పెద్దలు ఎందరు?

2. ఇప్పటికే అక్కడ ఉన్నవారితో మాట్లాడండి. ఇస్త్రీ బండి, టీ కొట్టు, గేదెలు కాసేవారు, క్రికెట్ ఆడే కుర్రవాళ్లు. వారిని తోసివేసి గేటుకు తాళం వేస్తే జాగా అందంగా ఉంటుందేమోగానీ, మళ్లీ కాపలా లేనిదవుతుంది.

3. చిన్న పనితో మొదలుపెట్టండి. ఒక మూల శుభ్రం, రెండు బెంచీలు, ఒక దీపం. దీపం కోసం వార్డు కార్యాలయానికి పదిమంది సంతకాలతో అర్జీ ఇచ్చి నకలు దాచుకోండి.

4. నెలకొక తేదీ పెట్టుకోండి. పుస్తకాల మార్పిడి, పాటలు, ముగ్గులు, చదరంగం ఏదైనా సరే. మీ వీధిలో కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ మాట్లాడే ఇరుగుపొరుగును తప్పక పిలవండి. తెలుగువారి పార్కు అని పేరు పడితే అది సగం మందిదే అవుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట

సాయంత్రం అరగంట మీరు అక్కడ కూర్చుంటే మీ అమ్మాయి, పక్కింటి అమ్మాయి ధైర్యంగా ఆడుకుంటారు. పెద్దల కళ్లకు మించిన కంచె లేదు. "ఆ దారిన రాకు" అన్న మాటను "ఆ దారినే రా, నేను అక్కడే ఉంటాను" అన్న మాటగా మార్చడం మీ చేతుల్లో ఉంది.

అభ్యాసం

1. మీ పేటలో ఒక ఖాళీ స్థలం గురించి మీ అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, పూర్వం అక్కడ ఎవరికి ఏం పని ఉండేదో రాయండి.
2. ఆ పని ఎప్పుడు, ఎందుకు ఆగిపోయింది?
3. ఇప్పుడు అక్కడ ఎవరికి ఏ పని కల్పించవచ్చు? మూడు సూచనలు రాసి, వాటిలో ఒకటి ఈ సెలవుల్లో మొదలుపెట్టండి.