రేగడి నేల మీద చిన్నాయన ఇల్లు

యాడికిలో మా పాత ఇంటి వంటగది మూలలో ఒక పగులు ఉంది. ఎండాకాలంలో అందులో రూపాయి బిళ్ళ దూరుతుంది. వానలు పడి నెల తిరిగేసరికి మూసుకుంటుంది. దానికి సిమెంటు పూయించడం మా జేజి ఎప్పుడో మానేసింది. ఈ వేసవిలో చిన్నాయన ఆ పక్క స్థలంలోనే కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. నాది కంప్యూటర్ సైన్స్, పునాదుల గురించి ఏమీ తెలీదు. కానీ ఆ పగులు కొత్త గోడలోకీ వస్తుందేమోనని భయం వేసి, సివిల్ బ్రాంచిలో ఉన్న ఫ్రెండ్ దగ్గర ఐ.ఎస్. కోడ్‌లు తీసుకుని కూర్చున్నాను. అర్థమైనంత వరకు రాస్తున్నా. తెలుగులో తప్పులుంటే సర్దుకోండి, బడిలో అంతా ఇంగ్లిష్ మీడియమే.

ముందు మట్టి సంగతి. తాడిపత్రి, యాడికి వైపు చాలా చోట్ల పైన నల్లరేగడి, కింద సున్నపురాయి. రేగడిలో మాంట్‌మోరిల్లనైట్ అనే ఖనిజం ఉంటుంది. అది పుస్తకం పేజీల్లాంటి పలచని పొరలు. పొరల మధ్యకి నీళ్ళు వెళ్తే మట్టి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలిస్తుంది. ఏడాదంతా ఒకే తడి ఉండే చోట దీంతో ఇంత ఇబ్బంది లేదు. మన దగ్గర నెలల తరబడి ఎండి ఒక్కసారిగా తడుస్తుంది కదా, చిక్కంతా అక్కడే. ఇల్లు ప్రతి ఏడూ కొంచెం లేచి, కొంచెం దిగుతుంది. అన్ని మూలలూ ఒకేలా లేస్తే పర్లేదు, అలా లేవవు.

మట్టి ఎంత ఉబ్బుతుందో చూడ్డానికి ఐ.ఎస్. 2720లో 40వ భాగం ఉంది, 1977 నాటిది. ఎండబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టి పది గ్రాములు ఒక గాజు కొలజాడీలో, ఇంకో పది గ్రాములు మరో దాంట్లో. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో కిరోసిన్. 24 గంటలు ఆగాలి. కిరోసిన్‌కి మట్టి ఉబ్బదు కాబట్టి అది మనకి ఆధారం. ల్యాబ్‌లో మా మట్టి కిరోసిన్‌లో 11 దగ్గర, నీళ్ళలో 20 దగ్గర నిలబడింది. తేడా 9ని 11తో భాగిస్తే దాదాపు 82 శాతం. ఐ.ఎస్. 1498 పట్టికలో 50 నుంచి 100 దాకా మధ్యస్థం, 100 దాటితే ఎక్కువ. మధ్యస్థమే కదా అని నేను సంతోషపడితే ఫ్రెండ్ నవ్వాడు, ఈ ఒక్క అంకెతో ఏదీ తేల్చకూడదట.

నేను తప్పు చదివింది ఇంకొకటుంది. ఐ.ఎస్. 1904 పునాది కనీసం 50 సెంటీమీటర్ల లోతు వెళ్ళాలంటుంది. నేను చిన్నాయనకి ఫోన్ చేసి "అడుగున్నర చాలంట" అనేశా! అది మామూలు నేలకి కనీస హద్దు మాత్రమే. ఉబ్బే నేలలో తేమ మారని లోతుకి వెళ్ళాలి. లోతైన రేగడిలో వేసే అండర్ రీమ్‌డ్ పైల్స్, అంటే అడుగున గడ్డలాగా లావుగా ఉండే పైల్స్, 3.5 మీటర్లకి తగ్గకూడదని ఐ.ఎస్. 2911 మూడో భాగం చెబుతుంది. రూర్కీలోని సి.బి.ఆర్.ఐ. వాళ్ళు మన రేగడి కోసం అభివృద్ధి చేసిన పద్ధతి ఇది.

కోడ్‌లలో 'షల్' అంటే తప్పనిసరి, 'షుడ్' అంటే మంచిదని సలహా. ఇంటర్నెట్ ప్రమాణాల్లోనూ ఇదే గొడవ, ఆ మాటల అర్థం చెప్పడానికే 1997లో ఆర్.ఎఫ్.సి. 2119 రాశారు. తెలుగులో రెండింటికీ మనం 'చేయాలి' అనేస్తాం. చిన్నాయనకి చెప్పేటప్పుడు "చేసి తీరాల", "చేస్తే మేలు" అని విడగొట్టి చెప్పాల్సి వచ్చింది. ఈ క్లబ్బులో ఎవరైనా కోడ్‌లని తెలుగు చేస్తే ముందు ఆ రెండు మాటలు తేల్చండి.

ఇక గుంతలు. చిన్న ఇంటికి మధ్యలో ఒక పరీక్ష గుంత చాలని ఐ.ఎస్. 1892, 1979 ప్రతి ఒప్పుకుంటుంది. మేస్త్రీ ఒకటి తీశాడు, నాలుగు అడుగులకే బండ తగిలింది. "బండ తగిలినాక ఇంగ భయమేముంది?" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు, కానీ సున్నపురాయి పైభాగం ఎప్పుడూ చదునుగా ఉండదు. వాన నీళ్ళు దాన్ని కరిగించుకుంటూ పోతాయి. మనకి దగ్గర్లోని కోనుప్పలపాడు గుహలు, బెలుం గుహలు అలా పుట్టినవే. బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు, 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. పిక్నిక్‌కి వెళ్ళి ఫోటోలు దిగినప్పుడు నాకు ఇల్లు గుర్తు రాలేదు మరి!

రెండో గుంత వంటగది వైపు తీయమని పట్టుబట్టాను. అక్కడ ఏడు అడుగులకీ రేగడే. తొమ్మిది దగ్గర బండ వచ్చింది. అంటే సగం ఇల్లు బండ మీద, సగం ఉబ్బే మట్టి మీద. రేగడి నేల అని ముందే తెలిసినా అందరూ వదిలేసేది ఇదే. మొత్తం మట్టి మీదున్న ఇంటి కన్నా ఇలా సగం సగం ఉన్నది ముందు పగులుతుంది, ఎందుకంటే ఒక వైపు కదలదు, ఇంకో వైపు కదులుతుంది.

తొమ్మిది అడుగులే కాబట్టి పైల్స్ అక్కర్లేదు, స్తంభాలన్నీ బండ దాకా దించమన్నారు సివిల్ సార్. పైన కట్టే బీమ్‌కీ రేగడికీ మధ్య ఖాళీ వదలాలి, లేకపోతే మట్టి ఉబ్బి బీమ్‌ని తోస్తుంది. గుంతల్లో ఇసుక నింపొద్దన్నారు, అది నీళ్ళు దాచిపెట్టి మట్టికి తాగిస్తుంది. స్నానాల నీళ్ళు గోడ పక్కన వదలకూడదు.

చిన్నాయన లెక్క వేసి చాలాసేపు మాట్లాడలేదు. "పైన ఒక గది వచ్చే డబ్బురా ఇది, భూమిలో పూడిస్తే ఎవరికి కనపడతాది?" అన్నాడు. జేజి లోపల్నుంచి "వంటగదిలోకి వచ్చి చూడు, కనపడతాది" అంది.

ప్రతి గుంతలో బండకి రంధ్రం వేసి చూడమన్నారు, కింద డొల్ల ఉందేమోనని. బండల గనిలో పనిచేసే మామ ఒకాయన డ్రిల్లు తెచ్చాడు. మూడు గుంతల్లో గట్టి రాయే. నాలుగోదాంట్లో డ్రిల్లు ఉన్నట్టుండి జానెడు జారిపోయి, కడ్డీకి ఎర్రమట్టి అంటుకుని వచ్చింది. ఆ గుంతని అలాగే వదిలి, పైన తడికె కప్పి పెట్టాం. ఆదివారం సార్ వస్తానన్నారు.