పికప్ బండి మీద గది – ఇరుసు మీద లెక్క

– ఒక పూర్వ విద్యార్థి, 1994 పదో తరగతి బ్యాచ్

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు అమెరికా గురించి ఏదైనా వ్రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేశారు. అక్కడి భవనాల గురించి, జీతాల గురించి వ్రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మెకానికల్ చదివినవాణ్ణి. నాకు తెలిసినవి బండ్లు, బరువులు. అందుకని ఇక్కడ చూసిన ఒక బండి గురించి, దాని వెనకాల ఉన్న లెక్క గురించి వ్రాస్తున్నాను. తమ్ముళ్ళూ, ఈ లెక్కకు కావలసిన గరిమనాభి, భ్రామకం అనే రెండు మాటలూ మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉన్నాయి. నేను వాటిని పరీక్ష కోసం బట్టీపట్టాను. వాటి అవసరం తెలిసింది నలభై ఏళ్ళు దగ్గరపడ్డాక.

ఏమిటీ బండి?

మన దగ్గర బొలెరో పికప్, టాటా ఏస్ చూస్తుంటారు కదా. అమెరికాలో పికప్ అంటే వాటికంటే పెద్దగా ఉంటుంది. ముందు నలుగురైదుగురు కూర్చునే క్యాబిన్, వెనక తెరిచిన తొట్టి. ఆ తొట్టిలోకి వెనకనుంచి జరిపి కూర్చోబెట్టే గదినే స్లైడ్-ఇన్ క్యాంపర్ అంటారు. దానికి కప్పు, నేల, గోడలు అన్నీ ఉంటాయి. లోపల పొయ్యి, నీళ్ళ ట్యాంకు, గ్యాసు బండ, చిన్న ఫ్రిజ్, కొన్నింటిలో స్నానాల గది కూడా ఉంటాయి. పడుకునే మంచం క్యాబిన్ కప్పు మీదికి చొచ్చుకుని వస్తుంది. నాలుగు మూలలా జాకీలు ఉంటాయి. పని అయ్యాక జాకీల మీద గదిని పైకెత్తి, కిందనుంచి బండిని ముందుకు నడుపుకుంటే గది ఇంటి దగ్గర ఉండిపోతుంది, బండి మామూలు పనికి పోతుంది.

ఇంగ్లీషు సాహిత్యం చదివేవారికి ఒక సంగతి. 1962లో నోబెల్ బహుమతి అందుకున్న జాన్ స్టెయిన్‌బెక్ అంతకు రెండేళ్ళ ముందు, 1960లో, ఇలాంటి బండిలోనే తన కుక్కను వెంటబెట్టుకుని అమెరికా అంతా తిరిగాడు. జి.ఎం.సి. కంపెనీ పికప్ అది. దానికి డాన్ క్విక్సోట్ గుర్రం పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడది కాలిఫోర్నియాలోని సలీనాస్‌లో ఆయన పేరున ఉన్న మ్యూజియంలో ఉంది. ఎప్పుడో చదువుదామనుకున్న పుస్తకాలే 150 పౌండ్లు, అంటే 68 కిలోలు అందులో వేసుకున్నాడట. ఈ 68 అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

తలుపు పక్కన చీటీ

ప్రతి బండికీ మోయగలిగిన బరువు ఒకటి ఉంటుంది. దీన్ని కంపెనీవాళ్ళు డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించేచోట చీటీ మీద అచ్చువేసి అంటిస్తారు. అందులో మూడు అంకెలు ముఖ్యం. బండి, సరుకు, మనుషులు అందరూ కలిసి ఎంత ఉండవచ్చన్నది మొదటిది. ముందు ఇరుసు ఎంత మోయవచ్చు, వెనక ఇరుసు ఎంత మోయవచ్చు అన్నవి మిగతా రెండు. మొత్తం 4,536 కిలోలు, అంటే పదివేల పౌండ్లు మించని బండ్లకు ఇంకో చీటీ కూడా ఉంటుంది. మనుషులు, సరుకు కలిపి ఇంతకు మించరాదని దానిమీద సూటిగా వ్రాసి ఉంటుంది. ఆ మనుషుల్లో డ్రైవరు కూడా ఒకడు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

అమ్మేవాళ్ళు ఈ చీటీ చూపించరు. "ఇది అర టన్ను బండి, ఇది ముప్పావు టన్ను, ఇది ఒక టన్ను" అని చెబుతారు. ఆ పేర్లు పాతకాలం నుంచి వస్తున్నవి, ఇప్పటి బండ్లు నిజంగా మోసే బరువుతో వాటికి సంబంధం లేదు. ఒకే పేరున్న రెండు బండ్లలో ఇంజను, క్యాబిన్, సీట్లు మారితే మోసే బరువు కూడా మారుతుంది. పేరు నమ్మవద్దు, ఆ ఒక్క బండికి అంటించిన చీటీ చదవాలి.

క్యాంపర్ వైపు మోసం ఇంకో రకం. కరపత్రంలో ఖాళీ బరువు వేస్తారు. అంటే నీళ్ళు లేకుండా, గ్యాసు లేకుండా, చాలాసార్లు బ్యాటరీ, ఏసీ కూడా లేకుండా. ఒక మచ్చు లెక్క చూడండి. బండి చీటీ మీద 1,043 కిలోలు అని ఉంది. క్యాంపర్ ఖాళీ బరువు 953. "ఇంకా 90 కిలోలు మిగిలింది కదా" అంటాడు అమ్మేవాడు. ఇప్పుడు నింపండి. నీళ్ళు 30 గ్యాలన్లు, మన లెక్కలో 113 లీటర్లు, అంటే 113 కిలోలు. రెండు బండల్లో గ్యాసు 18. బ్యాటరీలు 50. ఏసీ, ఎండకు వేసే పరదా 60. కట్టే గొలుసులు, కింద పరిచే రబ్బరు చాప 40. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు 190. బట్టలు, గిన్నెలు, బియ్యం, పచ్చడి సీసాలు 120. మొత్తం 1,544. పరిమితి కంటే 501 కిలోలు ఎక్కువ. మన స్టోర్ రూములోకి వచ్చే 50 కిలోల బియ్యం బస్తాలు పది ఆ బండి మీద అదనంగా వేసినట్టు.

ఇక్కడి ప్రభుత్వ నిబంధన ప్రకారం బండి కంపెనీవాళ్ళు క్యాంపర్ ఎంత బరువు ఉండవచ్చో, దాని గరిమనాభి తొట్టిలో ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండవచ్చో బొమ్మ గీసి చెప్పాలి. ఆ లెక్కలో ఒక్కో మనిషిని 68 కిలోలుగా కడతారు. స్టెయిన్‌బెక్ ఇంకో మనిషంత పుస్తకాలు వేసుకుని బయలుదేరాడన్నమాట. దారిలో ఓరెగాన్ రాష్ట్రంలో, వానలో, ఆదివారం పూట ఆయన బండికి టైరు పగిలింది.

చెరకు ట్రాక్టరు

బరువు ఎంత అన్నది సగం లెక్కే. ఎక్కడ ఉంది అన్నది మిగతా సగం. దీనికి ముందు మా పెదనాన్న కొడుకు సంగతి చెప్పాలి.

నన్ను ఐదో తరగతి అయ్యాక రేకు పెట్టెతో సహా హాస్టల్లో దింపింది ఆ అన్నే. పెట్టె తన నెత్తిన పెట్టుకుని బస్టాండు నుంచి నడిచాడు. తరవాత రెండేళ్ళకు, 1991లో, ఒక చెరకు ట్రాక్టరు మీద డ్రైవరుగా ఉన్నాడు. రెండు చక్రాల ట్రాలీ. ఫ్యాక్టరీవాళ్ళు టన్నుల లెక్కన డబ్బులిస్తారు కాబట్టి, ట్రాలీ నిండాక కూడా వెనక ఇంకొన్ని, ముందు ఇంకొన్ని మోపులు వేయించారు. కాలువ గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు లేచాయి. చక్రాలు గాలిలో ఉంటే స్టీరింగు ఎంత తిప్పినా బండి తిరగదు. గట్టు దిగువకు పడింది. అన్న కుడికాలు మోకాలి కిందికి తీసేశారు. ఊళ్ళో కొందరు ఆ గట్టు మీద ఏదో ఉందన్నారు. కొందరు అన్న తాగి ఉన్నాడన్నారు. తాగలేదు. అన్నకు ఆ అలవాటే లేదు.

ఆ ట్రాలీ ముందు భాగం బరువు ట్రాక్టరు కొక్కెం మీద పడుతుంది. ఆ కొక్కెం వెనక ఇరుసుకు వెనకాల ఉంటుంది. అక్కడ కిందికి నొక్కితే వెనక ఇరుసు ఆధారంగా ముందు భాగం పైకి లేవాలి. తూగుడు బల్ల మీద పిల్లలు ఆడేది ఇదే. పైగా గట్టు ఎక్కుడు, వెనక్కి లాగే బరువు. ఇది నాకు పాలిటెక్నిక్‌లో అర్థమైంది. అన్నకు కాగితం మీద గీసి చూపిస్తే చాలాసేపు చూసి, "అయితే ముందు వేసిన మోపులే నన్ను ముంచాయా?" అని మాత్రం అడిగాడు.

కాటా దగ్గర

2016 వేసవిలో డెన్వర్‌లో మా పక్కింటాయన తన పాత క్యాంపర్ వారం రోజులు వాడుకోమన్నాడు. నా దగ్గర అర టన్ను పికప్ ఉంది. తొట్టి పొడవు ఆరున్నర అడుగులు. క్యాంపర్ ఎనిమిది అడుగుల తొట్టి కోసం చేసింది. వెనక తలుపు తీసేస్తే పడుతుందన్నాడు. పట్టింది కూడా. పిల్లలకు కొండలు చూపిద్దామని బయలుదేరాం. పడమటికి ఐ-70 రహదారి మీద పోతే 11 వేల అడుగుల ఎత్తున ఐసెన్‌హోవర్ సొరంగం వస్తుంది. అక్కడినుంచి నిట్టనిలువు దిగుడు. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి పక్కన ఇసుక, కంకర దారులు కట్టారంటే ఎలాంటి దిగుడో ఊహించుకోండి.

ఊరు దాటి పది మైళ్ళు పోయామో లేదో, పక్కనుంచి పెద్ద ట్రాలీ లారీ దాటితే నా చేతిలో స్టీరింగు తేలికగా అనిపించింది. మా ఆవిడకు ఏమీ తెలియలేదు. నాకు గట్టు గుర్తొచ్చింది. తరవాతి లారీల స్టాపులో కాటా ఉంటే ఆపాను. ఇక్కడి కాటాల్లో పలకలు విడివిడిగా ఉంటాయి. ముందు చక్రాలు ఒకదాని మీద, వెనక చక్రాలు ఇంకొకదాని మీద నిలిపితే ఏ ఇరుసు మీద ఎంతో వేరువేరుగా చీటీ వస్తుంది. భార్యాపిల్లలను దింపి, నేనొక్కణ్ణే కూర్చుని తూయించాను. ముందు 1,325, వెనక 2,175, మొత్తం 3,500 కిలోలు.

తలుపు మీద చీటీ చదివాను. మొత్తం 3,175 మించరాదు, వెనక ఇరుసు 1,840 మించరాదు. మనుషులు ఎక్కకుండానే మొత్తం మీద 325, వెనక 335 కిలోలు ఎక్కువ. మా ఆవిడ, పిల్లలు కలిపి ఇంకో 120.

అక్కడే నీళ్ళ ట్యాంకు వదిలేసి, నెమ్మదిగా ఇంటికి తిరిగివచ్చాం. పెద్దవాడు దారి పొడవునా ఏడ్చాడు. చిన్నది నాతో రెండు రోజులు మాట్లాడలేదు. పక్కింటాయన "ఇన్నేళ్ళుగా తిప్పుతున్నాను, ఏం కాలేదే" అన్నాడు. ఆయనది ఎనిమిదడుగుల తొట్టి ఉన్న ఒక టన్ను బండి అన్న సంగతి ఇద్దరమూ ముందు ఆలోచించలేదు.

ఆ వారంలోనే గది దించేసి, ఇంధనం అంతే నింపి, ఖాళీ బండిని మళ్ళీ తూయించాను. ముందు 1,400, వెనక 1,000. ఇప్పుడు చూడండి. 1,100 కిలోల గది ఎక్కిస్తే ముందు ఇరుసు మీద బరువు పెరగాల్సింది పోయి 75 కిలోలు తగ్గింది. వెనక ఇరుసు ఆ 75 కూడా తనే మోసి 1,175 పెరిగింది. అంటే గది గరిమనాభి వెనక ఇరుసుకు వెనకాల ఉంది. ఎంత వెనక? రెండు ఇరుసుల మధ్య దూరం 368 సెం.మీ. వెనక ఇరుసు దగ్గర భ్రామకాలు తీసుకోండి:

1,100 × దూరం = 75 × 368

దూరం = 25 సెం.మీ.

ఒక జానెడు పైచిలుకు. అదే జానెడు ముందుకు ఉంటే ముందు ఇరుసు మీద 75 కిలోలు పెరిగేది, వెనక 1,025 మాత్రమే పెరిగేది. బరువు మాత్రం అప్పటికీ ఎక్కువే, అది వేరే తప్పు. చాలా క్యాంపర్లకు గరిమనాభి ఎక్కడుందో పక్కగోడ మీదే గుర్తు వేసి ఉంటుంది. ఆ గుర్తు వెనక ఇరుసుకు ముందు పడాలి. పొడుగు క్యాంపర్‌ను పొట్టి తొట్టిలో పెడితే అది వెనక్కి పోతుంది. నేను చేసింది అదే.

కొన్ని చిల్లర సంగతులు

వెనక భాగం కుంగుతోందని చాలామంది గాలి బుడగలు, అదనపు స్ప్రింగు పట్టీలు వేయిస్తారు. వాటివల్ల బండి చూడ్డానికి సమంగా ఉంటుంది. ఇరుసు, బ్రేకులు, చక్రాల డిస్కులు అవే కదా! చీటీ మీద అంకె మారదు. టైరు పక్కన ఉండే అంకె చూడటం కూడా నేర్చుకోండి. 121 అని ఉంటే ఒక్క టైరు, చెప్పినంత గాలి ఉన్నప్పుడు, 1,450 కిలోలు మోస్తుంది. 121 అంటే 121 కిలోలు కాదు! ఇది మన లారీ టైర్ల మీద కూడా ఉంటుంది. వెనక రెండేసి చక్రాలున్న బండ్లు ఎక్కువ బరువు మోస్తాయి, పక్కలకు తక్కువ ఊగుతాయి. కాకపోతే క్యాంపర్ జాకీలు అంత వెడల్పుగా ఉన్నాయో లేదో ముందు కొలుచుకోవాలి.

ఎవరైనా అడిగితే నేను చెప్పే వరస ఒకటే. ముందు గదిని ఎన్నుకోండి, నీళ్ళతో సహా దాని బరువు కట్టండి, తరవాత దానికి తగిన బండి వెతకండి. ఎక్కువమంది ఇంట్లో ఉన్న బండికి గది వెతుకుతారు, నాలాగే. 2018లో ఎనిమిదడుగుల తొట్టి ఉన్న పాత ఒక టన్ను బండి కొన్నాను. కొనేముందు ఖాళీగా కాటా వేయించాలని అడిగితే అమ్మినాయన విచిత్రంగా చూశాడు. ఆ ఏడు పిల్లలు సొరంగం దాటి అవతలికి వెళ్ళారు. అన్నకు వీడియో ఫోన్‌లో బండి చూపిస్తే మొదట ముందు టైర్లు చూపించమన్నాడు.

మీరు చేయవలసిన లెక్క

ఒక బండి ఇరుసుల మధ్య దూరం 400 సెం.మీ. డ్రైవరుతో ఖాళీ బరువు ముందు 1,850, వెనక 1,300 కిలోలు. నీళ్ళు లేని క్యాంపర్ 1,200 కిలోలు, గరిమనాభి వెనక ఇరుసుకు 20 సెం.మీ. ముందు. 120 లీటర్ల నీళ్ళ ట్యాంకు వెనక ఇరుసుకు 60 సెం.మీ. వెనక. ట్యాంకు నింపితే ఏ ఇరుసు మీద ఎంత? జవాబు ముందు 1,892, వెనక 2,578 రావాలి. వచ్చినవాళ్ళు అదే ట్యాంకును వెనక ఇరుసుకు 60 సెం.మీ. ముందుకు మార్చి మళ్ళీ చేయండి. రానివాళ్ళు మీ ఊరి ట్రాక్టరు బొమ్మ వేసి, కొక్కెం ఎక్కడుందో గుర్తుపెట్టి, అక్కడినుంచి మొదలుపెట్టండి.