పాదరక్షలు విడవమన్న ఆజ్ఞ

గుణదలలో ఒక ఇంట ఖుర్ఆన్ దర్స్ జరుగుతుండగా ఓ యువకుడు మమ్మల్ని అడిగాడు: "ఫిరౌను అంటే మనలోని అహంకారం, మూసా అంటే మేల్కొన్న మనసు, తువా లోయ అంటే హృదయం. అంతా లోపలే ఉందని తెలిశాక ఐదు పూటలా నమాజు ఎందుకండీ?" అతను హేళనగా అడగలేదు. ఎక్కడో చదివాడు, మనసుకు హత్తుకుంది. ఇలాంటి పిల్లల్ని కసిరితే మళ్లీ దర్స్‌కు రారు.

అతని మాటలో సగం నిజముంది. దివ్యఖుర్ఆన్ మానవుని అంతరంగ స్థితులను స్వయంగా పేర్కొంది: చెడుకు పురికొల్పే మనసు (యూసుఫ్ 53), తనను తాను నిందించుకునే మనసు (ఖియామహ్ 2), ప్రశాంతత పొందిన మనసు (ఫజ్ర్ 27). ఫజ్ర్ అజాన్ విని దుప్పటి ముసుగేసుకున్నవాడూ, పొద్దెక్కాక నొచ్చుకున్నవాడూ ఒకే మనిషి కదా! ఫిరౌను గాథ చదువుతున్నప్పుడు ఇంట్లో ఆలుబిడ్డల మీద మనం చేసే పెత్తనం గుర్తుకు రాకపోతే ఆ పారాయణం గొంతు దాటలేదన్నమాటే.

చిక్కల్లా మిగతా సగంతోనే. క్రీ.శ. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ (రహ్మలై) ‘మిష్కాతుల్ అన్వార్’ గ్రంథంలో దీన్నే చర్చించారు. తువా లోయలో పాదరక్షలు విడవమని హజ్రత్ మూసా (అలైహి)కు అల్లాహ్ ఆజ్ఞాపించాడు (తాహా 12). ఇహపరాల రెండింటి ధ్యాసనూ విడవడం దాని అంతరార్థమని ఇమామ్ గారు వివరించారు. అయితే మూసా (అలైహి) కాళ్లకున్న పాదరక్షలనూ విడిచారు, లోపల విడవవలసినదాన్నీ విడిచారు అని కూడా చెప్పారు. కుక్క ఉన్న ఇంట్లోకి దైవదూతలు రారన్న హదీసు విని, ‘కుక్క అంటే కోపం’ అని సరిపెట్టుకుని కుక్కను ఇంట్లోనే ఉంచుకునేవాణ్ణి ఆయన ఒప్పుకోలేదు. బాహ్యార్థాన్ని కొట్టేసే బాతినీలు ఒంటికంటితో చూసేవారని విమర్శించారు. అంతరార్థమే లేదనేవారినీ వదల్లేదు. ఈ రెండో మాట మనలో చాలామందికి తగులుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, గుణదలకు దగ్గరలోని సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. హజ్రత్ నూహ్ (అలైహి) కాలపు జలప్రళయం అంటే కోరికల వరద మాత్రమేనని, మేడ మీద నీళ్ల సీసా కోసం ఎదురుచూస్తున్న తల్లితో ఎవరైనా అనగలరా? నమాజు చేస్తూనే చిన్నపాటి సాయం కూడా చేయనివారిని మాఊన్ సూరా హెచ్చరించింది. పేదవాడి అన్నం గురించి అక్కడ వచ్చిన మాటను అన్నంగానే చదవాలి. దానికి వేరే అర్థం వెతికితే మిగిలేది వాడి ఆకలే.

ఇదంతా విని యువకుడు కాసేపు మౌనంగా ఉన్నాడు. పూర్తిగా ఒప్పుకున్నట్లు మాకు అనిపించలేదు. వచ్చే వారం నూర్ సూరా 35వ ఆయతు చదువుదామన్నాడు. గజాలీ గ్రంథం అసలు ఆ ఆయతు మీద రాసిందే. సరేనన్నాము.