పాత ఇంట్లో ఎవరున్నారు?

పాఠ్యభాగ నేపథ్యం

భయం నవరసాలలో ఒకటైన భయానకానికి స్థాయీభావం. పూర్వం కథకుడు మాటతో పుట్టించిన ఈ భావాన్ని చలనచిత్రం వెలుగు నీడలతో, శబ్దంతో పుట్టిస్తుంది. ఊరికి దూరంగా ఉన్న ఒక పాత భవనం, అందులో తాళం వేసిన ఒక గది, వద్దన్నా ఆ తాళం తీసే ఒక మనిషి. ఈ మూడింటితో దక్షిణాదిలో వచ్చిన కొన్ని చిత్రాలను పరిశీలించడం ప్రస్తుత పాఠ్యాంశం.

పాఠ్యభాగం

గాజువాకలో రాత్రి పూర్తిగా చీకటి కాదు. ఉక్కు కర్మాగారం దీపాలు, జాతీయ రహదారిపై లారీల బారులు, మూడు షిఫ్టులలో వచ్చిపోయే కార్మికులు అక్కడి రాత్రికి నిద్ర పట్టనివ్వరు. 1971 జనవరి 20వ తేదీన నాటి ప్రధాని ఇందిరాగాంధీ కర్మాగారానికి శంకుస్థాపన చేసిన తరువాత పరిసర గ్రామాలు అనేకం ఖాళీ అయ్యాయి. మండువా లోగిళ్లు, పెంకుటిళ్లు, వాటి వెనుక బావులు నేలమట్టమై, ఆ కుటుంబాలు పునరావాస కాలనీలకు తరలివెళ్లాయి. ఉక్కునగరంలో ఒకే కొలతతో వరుసలుగా క్వార్టర్లు వెలిశాయి. తాతలనాటి ఇల్లు, దానిని గురించి పెద్దలు గొంతు తగ్గించి చెప్పుకొనే కథ అక్కడ పెరిగిన యువతలో చాలామందికి వెండితెర మీదనే పరిచయమయ్యాయి.

ఇటువంటి చిత్రానికి పాత ఇల్లే ఎందుకు కావాలి? ఇందుకు మొదటి కారణం కథకుని అవసరం. క్వార్టర్ల వరుసలో ఒకరు కేక వేస్తే పది తలుపులు తెరుచుకుంటాయి. కథ అక్కడితో ముగిసిపోతుంది. కాబట్టి ఇరుగుపొరుగు ఉండకూడదు, దారి దూరం కావాలి, అవసరమైన వేళ దీపం ఆరిపోవాలి. రెండవ కారణం ఇంతకన్న లోతైనది. పాత ఇంటికి జ్ఞాపకం ఉంటుంది. అందులో కొత్తగా కాలుపెట్టినవారికి అంతకుముందు అక్కడ ఏమి జరిగిందో తెలియదు, ఇంటికి మాత్రం తెలుసు. ఈ తేడాయే ఉత్కంఠకు మూలం. దెయ్యం తెర మీదికి వచ్చేసరికి భయం సగం తగ్గిపోతుంది. అది రాకముందు ఖాళీ వసారాలో తలుపు కిర్రుమన్న క్షణమే ప్రేక్షకుణ్ణి కుర్చీ అంచుకు లాగుతుంది.

తెలుగులో ఈ రహస్యాన్ని బాగా గ్రహించిన దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ. 1992లో రేవతి ప్రధాన పాత్రలో ఆయన తీసిన ‘రాత్రి’ శబ్దాన్ని నమ్ముకొన్న చిత్రం. కెమెరా మెల్లగా కదులుతూ పోతుంది, ఏమీ కనిపించదు, అయినా ఏదో ఉన్నదన్న అనుమానం వదలదు. 1996లో వచ్చిన ‘దెయ్యం’లో ఆయన ఇంటిని నగరానికి దూరంగా, శ్మశానం సమీపానికి తీసుకుపోయాడు. ఈ రెండు చిత్రాలలోనూ భయపెట్టేది నిజంగా ప్రేతమే. తర్కానికి అక్కడ చోటు లేదు.

మలయాళంలో మాత్రం అదే తాళం వేసిన గది మరొక సమాధానం చెప్పింది. 1993 డిసెంబరులో విడుదలైన ‘మణిచిత్రతాళు’ చిత్రానికి మధు ముట్టం కథ సమకూర్చగా ఫాజిల్ దర్శకత్వం వహించాడు. ఒక యువదంపతులు పూర్వీకుల భవనంలో కాపురం పెడతారు. ఎవరూ తెరవకూడని గదిని ఇల్లాలు గంగ తెరిపిస్తుంది. ఒకప్పుడు ఆ ఇంట హత్యకు గురైన నాగవల్లి అనే నర్తకి కథ ఆమె మనస్సును ఆక్రమిస్తుంది. వింత సంఘటనలు మొదలవుతాయి. ఇంటివారు మంత్రగాణ్ణి పిలవాలంటారు. కాని అక్కడికి వచ్చిన మానసిక వైద్యుడు, ఆమెలో ఉన్నది ప్రేతం కాదనీ, తల్లిదండ్రులకు దూరంగా గడచిన బాల్యంలో నాటుకొన్న గాయమనీ కనిపెడతాడు. గంగ పాత్ర పోషించిన శోభనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం లభించింది. కన్నడంలో 2004లో ‘ఆప్తమిత్ర’గా, తమిళంలో 2005లో ‘చంద్రముఖి’గా పి. వాసు దర్శకత్వంలో ఈ కథ తిరిగి రూపొందింది. రజనీకాంత్, జ్యోతిక నటించిన ‘చంద్రముఖి’ అనువాదమై తెలుగునాట ఇంటింటి మాటయింది. మూలచిత్రంలోని గాంభీర్యం అందులో కొంత పలచబడిందన్నది నిజమే అయినా, జ్యోతిక కళ్లు పెద్దవి చేసి చూసిన చూపును మరచిన ప్రేక్షకుడు అరుదు.

నాలుగేళ్ల తరువాత, 2009 సంక్రాంతికి ‘అరుంధతి’ వచ్చింది. కోడి రామకృష్ణ దర్శకుడు, శ్యామ్‌ప్రసాద్ రెడ్డి నిర్మాత. గద్వాల సంస్థానం నేపథ్యంగా అల్లిన కల్పిత కథ ఇది. అమాయకులను హింసించిన పశుపతిని రాజవంశానికి చెందిన జేజమ్మ కోటలోనే సజీవ సమాధి చేయిస్తుంది. అతణ్ణి చంపితే అతని ఆత్మకు అడ్డు ఉండదని ఆమె భయం. తరాలు గడిచాక ఆ సమాధి తెరుచుకొంటుంది. జేజమ్మ పోలికలతో పుట్టిన మునిమనుమరాలు అరుంధతి అతణ్ణి ఎదుర్కోవలసి వస్తుంది. అతణ్ణి అంతం చేయగల ఆయుధం జేజమ్మ తన ప్రాణం అర్పించగా ఆమె ఎముకలతో చేసినది. ఇక్కడ పాత ఇల్లు ఒక బాకీ. పూర్వీకురాలు సగంలో ఆపిన పనిని వారసురాలు పూర్తిచేయాలి. అనుష్క అభినయంతో పాటు, సోనూసూద్‌కు రవిశంకర్ అరువిచ్చిన కంఠం ఈ చిత్రానికి ప్రాణం పోసింది. పశుపతి కనబడని సన్నివేశాలలో సైతం ఆ గొంతు భవనమంతా తిరుగుతూనే ఉంటుంది.

ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ముఖ్యమైన ప్రశ్న ఎదురవుతుంది. ఇంట్లో ఒక స్త్రీ గొంతు మార్చి మాట్లాడితే, తనను తాను మరొకరి పేరుతో పిలుచుకొంటే ఏమి చేయాలి? ‘అరుంధతి’ జానపద కథల సంప్రదాయానికి చెందినది. అది చూసినవారు మాయలఫకీరు కథ విన్నట్లు విని ఆనందించవచ్చు. ‘చంద్రముఖి’ చెప్పేది మన ఇళ్లలో జరగగల విషయం. ఇటువంటి రోగులను భూతవైద్యుల వద్దకు తీసుకుపోయి వేపకొమ్మలతో కొట్టించిన ఉదంతాలు తెలుగునేల మీద కొత్తవి కావు. విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. గాజువాక నుండి అక్కడికి సిటీ బస్సులో పోవచ్చు. అయినా ఆ గడప తొక్కడానికి సంకోచించే కుటుంబాలు, మంత్రగాని ఇంటికి పోవడానికి సంకోచించవు.

అయితే ‘చంద్రముఖి’ వైద్యం కూడా పూర్తిగా నమ్మదగినది కాదు. దుర్గాష్టమి రాత్రి ఒక బొమ్మను శత్రువుగా చూపి, ఆమె పగ తీర్చుకొన్నట్లు నాటకమాడి, తెల్లవారేసరికి రోగిని స్వస్థురాలిని చేస్తారు. అందుకు మంత్రగాని సహాయం కూడా తీసుకొంటారు. నిజజీవితంలో మానసిక రోగానికి ఒక్క రాత్రి చికిత్స ఉండదు. నెలల తరబడి మాటలు, ఓర్పు, అవసరమైతే మందులు కావాలి. మూడు గంటల చిత్రంలో అంత ఓర్పు చూపడం కష్టమని దర్శకుణ్ణి క్షమించవచ్చు. వ్యాధిని వ్యాధిగా పేరుపెట్టి పిలిచినందుకు అతనికి ఘనత దక్కుతుంది.

‘అరుంధతి’లో బయటి నుండి కనిపించే కోట నిజమైన కట్టడమే. అది నేటి నంద్యాల జిల్లాలోని బనగానపల్లె సమీపంలో ఉన్న నవాబు బంగళా. బనగానపల్లె 1948 వరకు నవాబుల సంస్థానం. ఆ ఊరి పేరు దేశమంతా మామిడిపండు మీదుగా తెలుసు. చిత్రం విడుదలైన నాటి నుండి ఆ బంగళాకు ‘అరుంధతి కోట’ అన్న పేరు స్థిరపడింది. సమీపంలోని యాగంటి క్షేత్రానికి వచ్చే యాత్రికులు దారిలో ఆగి, పశుపతి సమాధి ఎక్కడ అని అడుగుతారు. దానిని కట్టించిన నవాబు ఎవరని అడిగేవారు తక్కువ.

ప్రశ్నలు

1. భయానక చిత్రాలకు పాత భవనం నేపథ్యం కావడానికి గల కారణాలను వివరించండి.
2. ‘చంద్రముఖి’, ‘అరుంధతి’ చిత్రాలలో తాళం వేసిన గదికి, సమాధికి గల పాత్రను పోల్చి రాయండి.
3. మీ ప్రాంతంలో ఒక పాత ఇంటిని గురించి పెద్దలు చెప్పే కథను సేకరించి, అందులో చరిత్ర ఎంతో కల్పన ఎంతో చర్చించండి.