కొనే ముందు మీ బాపు అలమర చూడు

కరీంనగర్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బిడ్డా, ఉట్నూర్ ఆశ్రమ పాఠశాలలో చేరి మొదటి జీతం అందుకున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు మీ అత్తయ్య, నేను ఎంత సంతోషపడ్డామో మాటల్లో చెప్పలేను. ఆ జీతంలోంచి బాపుకు ఈ-బుక్ రీడర్ కొనియ్యాలనుకోవడం ఇంకా సంతోషం. కొనాలా వద్దా అని అడిగావు. ఫోన్‌లో అయితే ఒక్క మాటలో తేలిపోయేది. కానీ నా ఉద్యోగమంతా గ్రంథాలయంలోనే గడిచింది. ఏ పుస్తకం ఎవరి చేతిలో తెరుచుకుంటుంది, ఎవరి ఇంట్లో దుమ్ము పట్టి పోతుంది అన్నదే నేను రోజూ చూసిన పని. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందుగా నా మాట: మీ బాపుకు ఇప్పుడు వద్దు. బాసరలో చదువుతున్న తమ్మునికి కొను. ఒకే పరికరం ఒకరికి ఎందుకు పనికొస్తుంది, ఇంకొకరికి ఎందుకు పనికిరాదు అన్నది తెలిస్తే రేపు మీ స్కూల్‌కు ఏదైనా కొనాల్సి వచ్చినప్పుడు కూడా నీకు పనికొస్తుంది.

ఆ పరికరం మీద నాకు చిన్నచూపు లేదు. ఫోన్ తెర వెలుగును నేరుగా కంట్లోకి కొడుతుంది. ఈ-ఇంక్ తెర అట్లా కాదు. దాని లోపల తలవెంట్రుక మందమంత సన్నని గుళికలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో గుళికలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు కలిసి ఉంటాయి. ఒక రంగుకు ధన విద్యుదావేశం, ఇంకో రంగుకు రుణ విద్యుదావేశం. కరెంటు లాగిన రంగు పైకి తేలుతుంది, తేలినాక కరెంటు లేకున్నా అక్కడే నిలుస్తుంది. పేజీ తిప్పినప్పుడే ఖర్చు. అందుకే ఒకసారి చార్జి చేస్తే వారాల తరబడి నడుస్తుంది. ఎండలో కూర్చుంటే అక్షరం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికాలో ఎంఐటీలో జోసెఫ్ జాకబ్సన్, ఆయన విద్యార్థులు దీన్ని తయారుచేసి 1997లో కంపెనీ పెట్టారు. 2004లో సోనీ జపాన్‌లో ఈ తెరతో మొదటి రీడర్ అమ్మింది. 2007లో అమెజాన్ కిండిల్ వచ్చింది, 2012లో మన దేశానికి చేరింది. నువ్వున్న ఏజెన్సీలో సిగ్నల్ దొరకని ఊళ్లు ఉన్నాయి కదా, అక్కడ ఇది ఫోన్ కంటే ఎంతో మేలు. టౌన్‌కు పోయినప్పుడు పుస్తకాలు దించుకుంటే చాలు, తర్వాత నెట్‌తో పని లేదు.

నువ్వు బాపు కోసం అనుకోవడానికి అసలు కారణం అక్షరం సైజు అని నాకు తెలుసు. శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచి సన్న అక్షరాలు ఆయనను కష్టపెడుతున్నాయి. రీడర్‌లో అక్షరం కావలసినంత పెద్దది చేసుకోవచ్చు అని ఎవరో చెప్పి ఉంటారు. అది నిజమే, కానీ అన్ని పుస్తకాలకూ కాదు. ఇక్కడే బిడ్డా, కాస్త నిలబడి చూడాలి.

కంప్యూటర్‌లో ఉండే పుస్తకం రెండు రకాలు. ఒకటి అక్షరాలుగా ఉన్న పుస్తకం, ఈపబ్ అంటారు. అందులో అక్షరం పెంచితే వాక్యాలు తమంతట తాము సర్దుకుని తర్వాతి వరుసలోకి జరుగుతాయి. రెండోది పేజీ ఫోటో. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్ చేస్తే అది చూడ్డానికి పుస్తకమే గాని, యంత్రానికి అందులో అక్షరాలు లేవు, బొమ్మ ఉంది. బొమ్మను పెంచితే వాక్యం తెర దాటి పోతుంది. ప్రతి వరుసకూ కుడికి జరిపి, మళ్లీ ఎడమకు తెచ్చుకోవాలి. ఈ-ఇంక్ తెర మెల్లగా మారుతుంది కాబట్టి ఒక పేజీ చదివేసరికి విసుగొస్తుంది. పెంచకుండా చదువుదామంటే లెక్క చూడు. మన డెమ్మీ సైజు పుస్తకం సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు. 6 అంగుళాల రీడర్ అంటే ఆ 6 అంగుళాలు మూల నుంచి మూలకు కొలిచినవి. నిజానికి ఆ తెర 3.6 అంగుళాల వెడల్పు, 4.8 పొడవు. అంటే అక్షరం సగానికి కాస్త పైన మిగులుతుంది. కళ్లు ఆనడం లేదని కొన్న పరికరం అక్షరాన్ని ఇంకా చిన్నది చేస్తుంది.

తెలుగులో ఎక్కువ దొరికేది ఈ రెండో రకమే. మన రాజ్‌రెడ్డి గారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి నడిపిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు, దానితో పాటు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి నిలబెట్టాయి. ఆ పని జరగకపోతే ఎన్నో పుస్తకాలు చెదల పాలయ్యేవి. ఆ మేలు ఎన్నటికీ మరువలేనిది. కానీ అవన్నీ పేజీల ఫోటోలు. పరిశోధకునికి అవి బంగారం, శుక్లాల ఆపరేషన్ అయిన పాఠకునికి కష్టం.

మరి కొత్త పుస్తకాలైనా అక్షరాలుగా ఎందుకు రావు? మన ప్రచురణల్లో డీటీపీ వచ్చినప్పటి నుంచి ఎక్కువ పుస్తకాలు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో తయారయ్యాయి. ఆ పద్ధతిలో తెలుగు అక్షరం రూపాన్ని ఇంగ్లిష్ అక్షరం సంకేతం మీద కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉన్నా అచ్చు పని ఆ వైపు ఆలస్యంగా జరిగింది. పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్ది, ఈపబ్ చేయాలంటే మళ్లీ ఒక ప్రూఫ్ రీడర్ కూర్చోవాలి. ఐదు వందల కాపీలు వేసుకునే ప్రచురణకర్త అంత శ్రమ ఎక్కడ పడతాడు? 2010లో కినిగె వచ్చి తెలుగు ఈ-పుస్తకాల అమ్మకానికి దారి వేసినప్పుడు నాకు గొప్ప ఆశ కలిగింది. ఆ ఆశ ఇంకా పోలేదు.

పెద్ద దుకాణాల సంగతీ తెలుసుకో. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లోకి భారతీయ భాషల పుస్తకాలు తెచ్చింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం, మొత్తం 5 భాషలు. తెలుగు ఆ జాబితాలో లేదు. మీ ఆదిలాబాద్ నుంచి కాస్త దూరం పోయి పెన్‌గంగ దాటితే అవతలి ఒడ్డున ఉన్న మరాఠీ పాఠకునికి ఆ రోజే ఆ దుకాణంలో తన భాష అర దొరికింది. ఇవతలి ఒడ్డున మనకు దొరకలేదు. కోట్ల మంది మాట్లాడే భాష, ఇంత సాహిత్యం ఉన్న భాష, మన పుస్తకాలను అక్షరాలుగా సిద్ధం చేసుకోకపోవడం వల్ల వెనక నిలబడింది. ఈ మాట రాస్తుంటే మనసు నొచ్చుకుంటోంది.

మీ పిల్లల సంగతి కూడా ఇందులో ఉంది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆదిలాబాద్ అడవి పల్లె పేరు మీద ఒక లిపి ప్రపంచ పట్టికలోకి ఎక్కడం ఎంత గర్వపడాల్సిన విషయం! కానీ పట్టికలో చోటు మొదటి మెట్టు మాత్రమే. ఫాంటు కావాలి, ఆ ఫాంటును చూపించే పరికరం కావాలి, ఆ లిపిలో పుస్తకాలు కావాలి. మీ స్కూల్‌కు రీడర్లు ఇస్తామని ఎవరైనా దాత వస్తే, మా పిల్లల లిపి దీంట్లో కనిపిస్తుందా అని మొదట అడుగు.

ఇప్పుడు బాపు అలమర దగ్గరికి వద్దాం. ఆయన మళ్లీ మళ్లీ తీసేవి ఏమిటి? సామల సదాశివ గారి ‘యాది’, ‘స్వరలయలు’. జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ కవిత్వం. సినారె ‘విశ్వంభర’. అల్లం రాజయ్య కథలు, సాహుతో కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల. అన్నీ మన నేల మీద పుట్టినవే. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులు వారసులవి. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు గనుక ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ మీద హక్కులు 2013తో ముగిశాయి. అట్లాంటి పాత పుస్తకాలను తెలుగు వికీసోర్స్‌లో ఎందరో ఉచితంగా టైపు చేసి, దిద్ది పెట్టారు. అక్కడి నుంచి ఈపబ్‌గా దించుకోవచ్చు కూడా. కానీ అలిశెట్టి 1993లో పోయారు, సదాశివ గారు 2012లో, సినారె 2017లో. వీరి పుస్తకాలకు హక్కుల గడువు 2053, 2072, 2077 దాకా ఉంది. అంటే బాపు ఇష్టపడే రచయితలు ఉచితంగా దొరకరు. కొందామంటే ఈపబ్ దుకాణంలో వెతుక్కోవాలి. ఆయనకు రీడర్ ఇస్తే అది ఖాళీ అలమర ఇచ్చినట్టే.

ఇంకొకటి ఉంది, నా దృష్టిలో ఇది అన్నిటికంటే పెద్దది. మీ ఇంటికి వచ్చిన పాత విద్యార్థి చేతిలో పుస్తకం లేకుండా వెనక్కి పోయాడా? చదివి ఇయ్యి అని బాపు చేతిలో పెడతారు. మన తెలంగాణలో చదువు అట్లానే పెరిగింది. వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తలకెత్తుకుని ఊరూరా తిరిగి అమ్మారు. ఒక పుస్తకం ఒక ఊరంతా తిరిగేది. ఈ-పుస్తకం అట్లా చేతులు మారదు. నువ్వు డబ్బు కట్టేది చదువుకునే అనుమతికి మాత్రమే. 2009లో ఏమైందో చూడు. హక్కులు లేనివారు అమ్మారని తెలిసి, అమెజాన్ జార్జ్ ఆర్వెల్ పుస్తకాలను కొన్నవాళ్ల కిండిల్‌ల లోంచి దూరం నుంచే చెరిపేసింది. డబ్బు తిరిగి ఇచ్చింది, తర్వాత క్షమాపణ కూడా చెప్పింది. కానీ ఇంటి అలమరలోని పుస్తకాన్ని దుకాణం వాడు రాత్రికి రాత్రి తీసుకుపోగలడని లోకానికి తెలిసిపోయింది. పుస్తకాలు పంచడమే ఆనందంగా బతికిన మనిషికి, పంచలేని పుస్తకం ఇవ్వడానికి నా మనసు ఒప్పదు.

ఖాతా తెరవడం, పాస్‌వర్డ్, కార్డు నంబరు, వైఫై, ఇవన్నీ ఎవరు చూస్తారు? నువ్వు ఉట్నూర్‌లో ఉంటావు. ప్రతి పుస్తకానికీ ఆయన నిన్ను అడగాల్సి వస్తుంది. బాపు అడిగే మనిషి కాదు.

తమ్ముని సంగతి వేరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు బాసరలో అంతా ఇంగ్లిష్. వానికి ఇంగ్లిష్ నవల చదవాలని ఉంటుంది, రెండు పేజీలకు పది మాటలు అడ్డం పడతాయి, పక్కన పెట్టేస్తాడు. రీడర్‌లో మాట మీద వేలు పెడితే అర్థం అక్కడే వస్తుంది. చదువు తెగదు. ఇంత మేలు చేసే వస్తువు ఆ వయసు పిల్లలకు ఇంకొకటి నాకు కనిపించలేదు. 1971లో మైకేల్ హార్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో 70 వేలకు పైగా పాత పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి. డికెన్స్, షెర్లాక్ హోమ్స్, టాల్‌స్టాయ్ అనువాదాలు, టాగూర్ ఇంగ్లిష్ గీతాంజలి, అన్నీ ఈపబ్‌లో దొరుకుతాయి. అక్కడ అలమర నిండుగా ఉంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పు. లెక్కల పుస్తకాలు, బొమ్మలున్న సైన్స్ పుస్తకాలు, పోటీ పరీక్షల మెటీరియల్ దాని మీద చదవడం కష్టం. వెనక్కి ముందుకు తిప్పుకుంటూ, గీతలు పెట్టుకుంటూ చదివే పుస్తకం కాగితం మీదనే ఉండాలి.

వానికి కొన్నా, దానిలో తెలుగు కూడా కనిపించాలని కోరుకుంటావు కదా. అయితే డబ్బు కట్టకముందే తెలిసినవాళ్ల పరికరంలో ఒక తెలుగు ఈపబ్ తెరిచి చూడు. స్వాతంత్ర్యం, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న, ఈ మాటలు వెతుకు. ఒత్తులు అక్షరం కింద సరిగ్గా కూర్చున్నాయా, విడిపోయి పక్కన నిలబడ్డాయా, డబ్బాలు కనిపిస్తున్నాయా, ఒక్క నిమిషంలో తేలిపోతుంది. దుకాణం వాడు చెప్పే మాట కంటే ఇదే నమ్మదగ్గ పరీక్ష. వెలుగు పరికరం ముందువైపు నుంచి తెర మీద పడేలా ఉన్నది తీసుకో, హాస్టల్‌లో రాత్రి చదువుకుంటాడు.

మరి బాపుకు? పదివేలు ఖర్చు పెడదామనుకున్నావనుకో, 250 రూపాయల పుస్తకాలు 40 వస్తాయి. కానీ మొదట పుస్తకం కాదు, కన్ను చూడు. ఆపరేషన్ తర్వాత దగ్గరి చూపుకు అద్దాలు మళ్లీ పరీక్ష చేయించారా? పాత అద్దాలతోనే నెట్టుకొస్తున్నారని నాకు అనుమానం. అది చేయించి, కుర్చీ పక్కన పుస్తకం మీద వెలుగు పడే మంచి టేబుల్ లైటు పెట్టు. అప్పటికీ సన్న అక్షరం ఆనకపోతే, 10 అంగుళాలకు పైన ఉండే పెద్ద ఈ-ఇంక్ పరికరాల గురించి ఆలోచిద్దాం. వాటిలో స్కాన్ చేసిన పేజీ దాదాపు అసలు సైజులో కనిపిస్తుంది. ధర బాగా ఎక్కువ, కాబట్టి ఆయన చేతికి ఒకసారి ఇచ్చి చూడకుండా కొనొద్దు.

వచ్చే సెలవుకు ఇంటికి పోయినప్పుడు అలమర ముందు కూర్చుని, చినిగిపోయిన పుస్తకాలు ఏవి, ఎవరికో ఇచ్చి తిరిగి రానివి ఏవి అని బాపునే అడిగి పేర్లు రాసుకో. పైకి చెప్పరు గాని ఆ రానివాటి బాధ ఆయనకు ఉంది. ఆ పేర్లు నాకు పంపు. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు నేను పోతున్నాను. దొరికినవి అక్కడ కొంటాను, దొరకనివి కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో వెతుకుతాను. డబ్బు నీ జీతంలోంచే తీసుకుంటాను, బహుమతి నీది కాబట్టి. తమ్ముని పరికరం కొన్నాక డబ్బా అట్లానే చేతిలో పెట్టకు. నాలుగు పుస్తకాలు దానిలో ఎక్కించి, మొదటిది తెరిచి ఉంచి ఇయ్యి.

అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది. చలి ముదరకముందే దుప్పట్లు కొనుక్కో, ఉట్నూర్ చలి నీకు కొత్త.

ప్రేమతో,
మీ మామయ్య