కనబడకపోతే పోయినట్టేనా?

బియ్యం డబ్బాలో డబ్బు దాస్తాం. మూత తీస్తే బియ్యమే కనబడుతుంది. డబ్బు కనబడదు. అంతమాత్రాన డబ్బు పోయిందా? పోలేదు. అడుగున ఉంది.

కంప్యూటరులో కూడా కొన్ని ఇలాగే దాగి ఉంటాయి.

ఫైలు అంటే ఏమిటి?

కంప్యూటరులో ఉంచిన ఒక కాగితం, ఒక ఫోటో, ఒక లెక్క. ఒక్కొక్కటి ఒక ఫైలు. ఫైళ్లు పెట్టుకునే సంచి ఫోల్డరు. వీటిని పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇంటికి తెచ్చుకోవచ్చు.

మనకెందుకు?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. ఇళ్ల కప్పులు ఎగిరిపోయాయి. అలాంటప్పుడు పెట్టెలోని కాగితం తడిస్తే ఏం చేస్తాం? అందుకే పట్టాదారు పాసుపుస్తకం, సంఘం లెక్కలు, కిడ్నీ జబ్బు ఉన్నవారి రక్తపరీక్ష కాగితాలు పెన్‌డ్రైవులో కూడా ఉంచుకోవడం మంచిది.

పెన్‌డ్రైవు ఖాళీగా కనబడితే?

వైరస్ ఉన్న కంప్యూటరుకు పెన్‌డ్రైవు పెడితే ఫైళ్లు మాయమైనట్టు కనబడవచ్చు. కొన్ని వైరస్‌లు ఫైళ్లను చెరపవు, దాచేస్తాయి. అప్పుడు నెట్ సెంటరులో ఎవరైనా ఇలా అనవచ్చు.

"అమ్మా, ఇందులో ఏమీ లేదు. ఫార్మాట్ చేసేస్తాను."

ఒప్పుకోకండి! ఫార్మాట్ అంటే అంతా తుడిచివేయడం. ఇలా అడగండి.

"ఆగు బాబూ. ఎంత జాగా నిండిందో ముందు చూడు. దాచిన ఫైళ్లు చూపించు."

జాగా నిండి ఉంటే ఫైళ్లు లోపలే ఉండవచ్చు.

ఎలా చూడాలి?

విండోస్ కంప్యూటరులో:
1. ఫోల్డరు తెరవాలి.
2. పైన 'వ్యూ' అనే మాట నొక్కాలి. కొత్త వాటిలో ఆ తరువాత 'షో' నొక్కాలి.
3. 'హిడెన్ ఐటమ్స్' దగ్గర టిక్కు పెట్టాలి.

దాగిన ఫైళ్లు కాస్త మసకగా కనబడతాయి. అప్పటికీ కనబడకపోతే వైరస్ ఇంకా లోతుగా దాచి ఉండవచ్చు. బాగా తెలిసినవారికి చూపించండి.

లినక్స్ కంప్యూటరులో:

మన దేశంలో సీ-డాక్ సంస్థ చేసిన బాస్ కూడా లినక్సే. ఇందులో ఫైలు పేరు ముందు ఒక చుక్క పెడితే చాలు, ఆ ఫైలు దాగిపోతుంది. 'లెక్కలు' కనబడుతుంది. '.లెక్కలు' కనబడదు.

చూడాలంటే రెండు మీటలు చాలు. కీబోర్డు కింద ఎడమ మూలన కంట్రోల్ మీట ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకోండి. హెచ్ మీట ఒకసారి నొక్కండి. హెచ్ అంటే రెండు నిలువు గీతలు, మధ్యలో ఒక అడ్డగీత. ఒక్క మెట్టు ఉన్న నిచ్చెనలా ఉంటుంది. దాగిన ఫైళ్లు బయటపడతాయి. మళ్లీ నొక్కితే దాగిపోతాయి.

విండోస్‌లో వైరస్ దాచిన పెన్‌డ్రైవు ఫైళ్లు లినక్స్‌లో మామూలుగానే కనబడతాయి.

ఫోనులో:

ఆండ్రాయిడ్ ఫోను కూడా లినక్స్ మీదే నడుస్తుంది. ఇక్కడా చుక్క పనిచేస్తుంది. 'ఫైల్స్' యాప్‌లో సెట్టింగులు తెరిచి, 'షో హిడెన్ ఫైల్స్' నొక్కాలి.

గుర్తుంచుకోండి

* దాచడం తాళం వేయడం కాదు. మీటలు తెలిసిన ఎవరైనా చూడగలరు. బ్యాంకు పిన్ నంబరు ఇలా దాచకండి.
* మీకు తెలియని ఫైళ్లు కూడా బయటపడతాయి. కొన్ని కంప్యూటరు పనికి కావలసినవి. వాటిని తీసేయకండి.
* దొరికిన ఫైళ్లను ఇంకొక చోట కూడా ఎక్కించుకోండి. పెన్‌డ్రైవులోని వైరస్ తీయించండి.

చెప్పండి

1. ఫార్మాట్ చేస్తే ఏమవుతుంది?
2. పెన్‌డ్రైవు ఖాళీగా కనబడితే ముందు ఏమి అడగాలి?
3. మీ ఇంట్లో ఏ కాగితాలు పోతే ఇబ్బంది? అయిదు పేర్లు రాయండి.

చేయండి

సంఘం అక్కలతో కలిసి కంప్యూటరు దగ్గరకు వెళ్లండి. కంట్రోల్, హెచ్ మీటలు వెతకండి. మీ చేత్తో మీరే నొక్కి చూడండి.